జపాన్‌లో వాడిన ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాను, ఆక్లాండ్‌లో కొనుగోలు: మిత్సుబిషి డెలికా డి:5 సమీక్ష

ఆక్లాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఎదిగి, ఊరి నుంచి తల్లిదండ్రులు వచ్చి నెలల తరబడి ఉండడం మొదలయ్యాక ఐదు సీట్ల కారు చాలదన్న మాట వస్తుంది. ఆ అవసరానికి మనవాళ్లు ముందుగా చూసేవి టయోటా ఎస్టిమా, హోండా ఒడిస్సీ. మేమూ వాటినే చూశాము. అయితే శీతాకాలంలో రువాపెహు పర్వతం మీది మంచు దాకా, వేసవిలో ఇక్కడి కోరమాండల్ ద్వీపకల్పం వైపు కంకర రోడ్ల మీదుగా వెళ్లే అలవాటు మాకున్నది కనుక, నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందే బండి కావాలనుకుని, చివరికి 2012 నాటి మిత్సుబిషి డెలికా డి:5ను తీసుకున్నాము. 2.4 లీటర్ల పెట్రోలు ఇంజిను, ఎనిమిది సీట్లు, ధర 14,000 న్యూజిలాండ్ డాలర్లకు కాస్త తక్కువ. ఏడాదికి పైగా వాడిన మీదట చెప్పగలిగినది ఇది: బండి మంచిదే, కానీ ఒకే ఏడాది తయారై పక్కపక్కనే నిలబడిన రెండు డెలికాల మధ్య ఉండే తేడా, డెలికాకూ ఎస్టిమాకూ మధ్య ఉన్న తేడా కన్నా ఎక్కువ. అందుచేత ఈ సమీక్షలో సగం బండి గురించి, సగం దానిని ఎంచుకునే పద్ధతి గురించి.

న్యూజిలాండ్‌లో సెకండ్ హ్యాండ్ కారు అంటే చాలావరకు జపాన్‌లో వాడిన కారే. రెండు దేశాల్లోనూ రోడ్డుకు ఎడమవైపే నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. 1998లో ఇక్కడి ప్రభుత్వం కార్ల మీద దిగుమతి సుంకాన్ని ఎత్తివేసిన తరువాత దేశంలో కార్లు బిగించే కర్మాగారాలే లేకుండా పోయాయి. పోరిరువాలోని మిత్సుబిషి కర్మాగారం కూడా ఆ ఏడాదే మూతపడింది. అటు జపాన్‌లో కొత్త కారుకు మొదట మూడేళ్లకూ, ఆ తరువాత రెండేళ్లకొకసారీ షాకెన్ అనే తనిఖీ తప్పనిసరి. దాని ఖర్చూ పన్నులూ లెక్క వేసుకుని చాలామంది యజమానులు బండి ఇంకా బాగుండగానే వదిలించుకుంటారు. అలా వదిలిన బండ్లు వేలం కేంద్రాలకు, అక్కడి నుంచి ఓడల మీదికి చేరతాయి. దారిలో గండాలు కూడా లేకపోలేదు. 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి కార్లు తెచ్చిన ఓడల్లో పండ్లతోటలను పాడుచేసే ఒక జాతి కంపు పురుగులు కనిపించగా, ఆ ఓడలను ఆక్లాండ్ రేవు నుంచి సరుకు దించకుండానే తిప్పి పంపారు.

కొనేవారికి ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పనికొచ్చేది వేలం కేంద్రంలో తనిఖీదారు రాసిన కాగితం. ఒక పేజీ మాత్రమే ఉంటుంది. పైన ఏడాది, మోడలు, కిలోమీటర్లు, మొత్తం బండికి ఒక గ్రేడు, లోపలి భాగానికి ఒక అక్షరం. కింద మూలన పైనుంచి చూసినట్టు గీసిన కారు బొమ్మ, ఆ బొమ్మ మీద అక్కడక్కడ అక్షరాలూ అంకెలూ. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే సొట్ట తీసి రంగు వేసిన చోటు, ఎస్ అంటే తుప్పు, సి అంటే తుప్పు ముదిరి లోహం తినేసిన చోటు, రెండు ఎక్స్‌లు కనిపిస్తే ఆ రేకు మొత్తం మార్చినట్టు. పక్కనున్న అంకె పెరిగేకొద్దీ దెబ్బ పెద్దది. గ్రేడు 4 గానీ 4.5 గానీ ఉంటే వయసుకు తగ్గ మంచి బండి, 3.5 ఉంటే మరమ్మతులకు కొంత సొమ్ము పక్కన పెట్టుకోవాలి. ఆర్ అనో ఆర్‌ఏ అనో ఉంటే ప్రమాదానికి గురై బాగుచేసిన బండి అని అర్థం. ఏడాదిని చాలాసార్లు జపాన్ చక్రవర్తుల శకం ప్రకారం రాస్తారు. హెచ్ అక్షరం పక్కన 24 అని ఉంటే అది హెయిసెయి శకంలో 24వ ఏడు, అంటే 2012. ఆ అంకెకు 1988 కలిపితే మనకు కావలసిన సంవత్సరం వస్తుంది.

మా బండి కాగితం మీద గ్రేడు 4, లోపలికి బి. ఎడమవైపు వెనక చక్రం పైన యు1, ముందు బంపరు మీద ఏ2. అడుగున జపనీస్ చేతిరాతలో ఒకటే వాక్యం ఉంటే, ఆ భాష వచ్చిన సహోద్యోగి చేత చదివించాను. అడుగుభాగంలో స్వల్పంగా తుప్పు ఉన్నదని రాశారట. ఆ ఒక్క వాక్యం వల్ల బేరంలో ధర దిగింది, ఎక్కడ ఏమి వెతకాలో కూడా తెలిసింది.

అన్ని చోట్లా ఇంత సులభంగా సాగలేదు. గ్రేట్ సౌత్ రోడ్ పొడవునా పాత కార్ల యార్డులు వరసగా ఉంటాయి. వాటిలో మొదట వెళ్లిన యార్డులో తెల్లటి డెలికా ఒకటి అద్దంలా మెరుస్తూ ఉన్నది. వేలం కాగితం చూపమంటే అటువంటివి తమ దాకా రావని అమ్మకందారు చెప్పాడు. ఛాసిస్ నంబరు ఇస్తే నేనే తెప్పించుకుంటానంటే, ముందు అడ్వాన్సు కట్టమన్నాడు. ఆ బండి నిజానికి బాగానే ఉండి ఉండవచ్చు. కానీ వేలంలో కొని ఓడ ఎక్కించిన వ్యాపారి దగ్గర ఆ కాగితం లేకపోవడానికి సరైన కారణం నాకు ఒక్కటీ తోచలేదు. మేము చివరికి కొన్న యార్డు చిన్నది, కుర్చీలు కూడా సరిగా లేనిది. అక్కడ మాత్రం అడగకముందే కాగితం నకలు చేతిలో పెట్టారు. ఇక్కడి చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ప్రతి వ్యాపారీ అమ్మకానికి పెట్టిన బండి అద్దానికి వినియోగదారు సమాచార పత్రం అంటించి ఉంచాలి. బండి దెబ్బతిన్న స్థితిలో దిగుమతి అయితే ఆ సంగతి అందులో ఉంటుంది. అయితే ఆ పత్రం చెప్పేది చట్టానికి కావలసినంత మాత్రమే. వేలం కాగితం దానికన్నా ఎక్కువ చెబుతుంది. ప్రైవేటు వ్యక్తి దగ్గర కొనేటట్టయితే ఈ పత్రమూ ఉండదు కనుక, బండి మీద ఎవరికైనా అప్పు ఉన్నదేమో పీపీఎస్ఆర్ రిజిస్టరులో చూసుకుని తీరాలి.

ఇక తుప్పు. హొక్కైడో, తొహోకు, నియిగాత వంటి మంచు ప్రాంతాల్లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాను కొనేవారు సహజంగా ఆ ప్రాంతాల వారే ఎక్కువ. కాబట్టి మామూలు కారు విషయంలో పైపైన చూసి వదిలేసే అడుగుభాగాన్ని ఇక్కడ వీపు ఆనించి పడుకుని చూడాలి, లేదా గుంట ఉన్న గ్యారేజీకి తీసుకుపోవాలి. వెనక సస్పెన్షన్ పట్టుకుని ఉండే చట్రం, జారుడు తలుపుల కింది అంచుల అతుకులు, బ్రేకు గొట్టాలు, సైలెన్సరు బిగింపులు ఈ వరసలో చూడాలి. పైపైన ఎర్రబారినది అంత భయపడవలసిన తుప్పు కాదు. పొరలు పొరలుగా లేచి, స్క్రూడ్రైవరు మొనతో తట్టినప్పుడు ఖంగుమనకుండా మెత్తగా చప్పుడయ్యేది భయపడవలసినది. అంతకన్నా అనుమానించవలసినది నిగనిగలాడే నల్లరంగు. పన్నెండేళ్ల బండికి అడుగంతా నిన్ననే పూసినట్టు నల్లటి అండర్‌సీల్ ఉన్నదంటే, ఆ పూత కింద ఏమున్నదో చూపించే బాధ్యత అమ్మేవాడిదే. మేము చూసిన ఒక బండిలో బోల్టు తలల మీద, రబ్బరు బుష్‌ల మీద, చివరికి సైలెన్సరు మీద కూడా ఆ నలుపే ఉన్నది. గోటితో గీస్తే పెచ్చు ఊడి, లోపల ఇటుకపొడి రంగు కనబడింది.

పెట్రోలు డెలికాలో మరో ముఖ్యమైన భాగం గేర్‌బాక్సు. ఇది జాట్కో కంపెనీ చేసిన సీవీటీ. ఇదే కుటుంబపు గేర్‌బాక్సు అదే కాలపు నిస్సాన్ ఎక్స్‌ట్రెయిల్‌లోనూ ఉన్నది. లోపల మామూలు పళ్లచక్రాలకు బదులు రెండు కప్పీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతూ ఉంటుంది కనుక, ఆయిలు పాతబడినా వేడెక్కినా దాని ఆయుష్షు తగ్గుతుంది. ట్రయల్‌కు వెళ్లే ముందు ఇంజిను చల్లగా ఉంచమని ఫోనులోనే చెప్పడం మంచిది. మనం వెళ్లేసరికి స్టార్టు చేసి వేడిగా సిద్ధం చేసి ఉంచారంటే మళ్లీ ఇంకోరోజు వెళ్లాలి. చల్లటి ఇంజినుతో రివర్సులో వేయగానే ఆలస్యం లేకుండా కదలాలి. ఎత్తు మీద ఆపి, నెమ్మదిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు వణుకు రాకూడదు. హైవే వేగంలో సన్నటి ఈల వినిపిస్తూ, వేగంతో పాటు ఆ ఈల హెచ్చుతూ పోతే ఆ బండిని వదిలేయాలి. టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదల ఉన్నవి కావాలి. ముందు కొత్తవి, వెనక అరిగిపోయినవి ఉంటే చక్రాల తిరుగుడులో తేడా వచ్చి, వెనక ఇరుసుకు బలం పంపే ఎలక్ట్రానిక్ కప్లింగు మీద ఊరికే భారం పడుతుంది. అన్నట్టు, డి:5లో టూ వీల్ డ్రైవ్ రకం కూడా ఉన్నది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. స్టీరింగుకు దగ్గరలో 2డబ్ల్యుడి, 4డబ్ల్యుడి ఆటో, లాక్ అని మూడు స్థానాలున్న గుండ్రటి డయలు ఉన్నదా లేదా చూస్తే చాలు. ఛాసిస్ నంబరు సీవీ5డబ్ల్యు అని మొదలైతే 2.4 పెట్రోలు ఫోర్ వీల్ డ్రైవ్, సీవీ1డబ్ల్యు అయితే డీజిలు.

ఇప్పుడు బండి సంగతి. కొలతలు చెబితే ఊళ్లో ఉన్నవారికి తేలికగా అర్థమవుతుంది: పొడవు 4,730 మిల్లీమీటర్లు, అంటే ఇన్నోవా క్రిస్టాకు దాదాపు సమానం, వెడల్పులో దానికన్నా కొంచెం తక్కువ, ఎత్తులో ఎక్కువ. నేలకూ అడుగుభాగానికీ మధ్య 210 మిల్లీమీటర్ల ఖాళీ. 2007 జనవరిలో జపాన్ మార్కెట్లోకి వచ్చిన ఈ వ్యాను మిత్సుబిషి ఔట్‌ల్యాండర్ పునాది మీద కట్టినది. 170 హార్స్‌పవర్ల ఈ 2.4 లీటర్ల ఇంజినే భారతదేశంలో అమ్మిన ఔట్‌ల్యాండర్‌లోనూ ఉండేది. దీని ముందుతరం డెలికా పజేరో యంత్రాంగం మీద వచ్చినది, దానిలో కొండలెక్కడానికి లో రేంజి గేర్లు ఉండేవి. డి:5లో అవి లేవు. ముక్కుసూటిగా నిలబడిన దీని ఆకారం చూసి ఇది కూడా అటువంటిదేననుకుని కొన్నవారు బురదలో దిగబడి నిరాశపడతారు.

దీనికి చేతనైనంత వరకు ఇది బాగా చేస్తుంది. వకాపాపా స్కీ మైదానానికి ఎక్కే బ్రూస్ రోడ్ మీద పలచగా మంచు పరుచుకున్న ఉదయాలలో ఆటోలో ఉంచి నడిపితే చక్రం జారిన క్షణంలోనే వెనక ఇరుసు పని అందుకుంటుంది, లోపల కూర్చున్నవారికి తెలియనే తెలియదు. చెయిన్లు మాత్రం ఎప్పుడూ వెంట ఉంచుకుంటాము. ఎక్కేటప్పుడు ఆదుకునే ఫోర్ వీల్ డ్రైవ్ దిగేటప్పుడు బ్రేకులకు ఏమీ సాయం చేయదు. ఆక్లాండ్‌కు పడమటనున్న మురివాయి బీచి మీద, కౌన్సిల్ అనుమతి తీసుకుని, టైర్లలో గాలి తగ్గించి లాక్‌లో వేసి నడిపినప్పుడు గట్టి ఇసుక మీద హాయిగా సాగింది, మెత్తటి ఇసుక దగ్గర మాత్రం ఇంజిను మూలిగి సీవీటీ వేడెక్కే సూచన వచ్చింది. వెంటనే ఆగి చల్లారనిచ్చాము. ఉప్పునీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇంటికి రాగానే అడుగుభాగం మొత్తం మంచినీటితో కడగకపోతే, జపాన్ మంచు ప్రాంతపు బండి వద్దని అంత వెతికి కొన్నదంతా వృథా.

కుటుంబానికి ఈ బండి ఇచ్చే సౌఖ్యం గురించి పెద్దగా ఫిర్యాదులు లేవు. ఎడమవైపు జారుడు తలుపు తెరుచుకోగానే కింద నుంచి ఒక మెట్టు దానంతట అదే బయటికి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఈ బండిలో మెచ్చుకున్నది ఆ ఒక్కదాన్నే. ఇది అన్ని రకాలలోనూ ఉండదు కనుక, పెద్దవాళ్ల కోసం కొనేవారు అడిగి చూసుకోవాలి. కంకర రోడ్ల మీద తిరిగాక ఆ మెట్టు సందులో బురద చేరి బిగుసుకుంటుంది, చీపురుపుల్లతో తీసేయాలి. రెండో వరస ముందుకూ వెనకకూ జరుగుతుంది. మూడో వరస నేలలోకి మడవదు. రెండు ముక్కలుగా విడిపోయి పక్కలకు లేచి అద్దాలకు ఆనుకుంటుంది. దాంతో సామాను చోటు పెరుగుతుంది కానీ వెనక పక్క అద్దాల చూపు తగ్గుతుంది. ఎనిమిది మంది ఎక్కితే వెనక మిగిలే చోటు బియ్యం బస్తా ఒకటీ, రెండు సంచులూ పట్టేంతే. మలుపుల్లో బండి ఒళ్లు ఊగుతుంది. ఎత్తైన వ్యానుకు అది తప్పదు. లీటరుకు ఊళ్లో ఎనిమిది కిలోమీటర్లు, హైవే మీద పది వరకు ఇస్తున్నది. ఎస్టిమా హైబ్రిడ్ నడిపిన స్నేహితులు ఈ లెక్క విని జాలిపడతారు.

డీజిలు తీసుకుంటే ఈ ఖర్చు తగ్గుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. 2013 జనవరిలో వచ్చిన 2.2 లీటర్ల డీజిలు రకంలో సీవీటీ లేదు, ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉన్నది. లాగే శక్తి 360 న్యూటన్ మీటర్లు, పెట్రోలు రకంలో అది 226 మాత్రమే. నడిపి చూస్తే తేడా మొదటి ఎత్తు మీదనే తెలుస్తుంది. కానీ న్యూజిలాండ్‌లో డీజిలు మీద పెట్రోలు మాదిరి రోడ్డు పన్ను కలిపి వసూలు చేయరు. దానికి బదులు డీజిలు బండి యజమాని 1,000 కిలోమీటర్లకు 76 డాలర్ల చొప్పున రోడ్డు వినియోగ రుసుము ముందుగానే కట్టి, ఆ పత్రం అద్దానికి అంటించుకోవాలి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగేవారికి అదే 1,140 డాలర్లు. పైగా డీజిలు పొగలోని మసిని పట్టే ఫిల్టరు దానంతట అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఎక్కువసేపు పరిగెత్తాలి. పిల్లలను బడి దగ్గర దింపి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చే బండిలో ఆ ఫిల్టరు మూసుకుపోతుంది, మార్పించే ఖర్చు చిన్నది కాదు. ట్రయిలరు లాగేవారికీ, వారాంతం వచ్చిందంటే ఊరు దాటేవారికీ డీజిలే తగినది. ఊళ్లో తిరుగుడు ఎక్కువున్న మాబోటి వారికి పెట్రోలు చాలు. ఎనిమిది గేర్లతో, యూరియా ద్రావణం పోయవలసిన ఏర్పాటుతో 2019లో వచ్చిన కొత్త ముఖం డి:5 మా బడ్జెట్‌కు అందనిది కనుక దాని జోలికి పోలేదు.

జపాన్ బండి కాబట్టి చిన్న చిన్న వింతలు కొన్నిటిని భరించాలి. స్టార్టు చేసిన ప్రతిసారీ టోల్‌గేటు కార్డు పెట్టలేదని ఒక మహిళ గొంతు ఎంతో మర్యాదగా జపనీస్‌లో చెబుతుంది. ఆ యంత్రాన్ని పీకించేదాకా చెబుతూనే ఉంటుంది. దారి చూపే తెర అంతా జపనీస్‌లోనే, దాని పటంలో న్యూజిలాండ్ అనే దేశమే లేదు. రేడియో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే పట్టుకుంటుంది, ఇక్కడి స్టేషన్లు 88 నుంచి 108 మధ్య ఉంటాయి. బ్యాండు మార్చే చిన్న పెట్టె తగిలిస్తే కొన్ని వస్తాయి కానీ ధ్వని పలచబడుతుంది. మేము మొత్తం తీసేసి కొత్త స్టీరియో వేయించాము. ఈ ఖర్చును ముందే ధరలో కలిపి చూసుకోవాలి.

కొన్న తరువాతి సేవ గురించి. సంతకాల సమయంలో యార్డువారు బ్రేక్‌డౌన్ ఇన్సూరెన్సు తీసుకోకపోతే తరువాత వచ్చే ఏ మరమ్మతుకూ తమకు సంబంధం ఉండదన్నారు. అది సరికాదు. వ్యాపారి దగ్గర సొంత వాడకానికి కొన్న బండికి 1993 నాటి వినియోగదారు హామీల చట్టం వర్తిస్తుంది; వయసుకూ ధరకూ తగిన నాణ్యత లేకపోతే బాగుచేయవలసిన బాధ్యత అమ్మినవారిదే, ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా. మేము ఇన్సూరెన్సు వద్దన్నాము. కొద్ది వారాలకే ఎడమ తలుపు మోటారు సగం తెరిచి ఆగిపోవడం మొదలైంది. ఫోను చేస్తే పాత బండి కదా, మామూలేనన్నారు. చట్టం పేరు రాసి, తలుపు ఆగిపోతున్న వీడియో జతచేసి, బాగుచేయకపోతే మోటారు వాహన వివాదాల ట్రైబ్యునల్‌కు వెళ్తామని ఈమెయిలు పంపిన తరువాత మారుమాట లేకుండా మోటారు మార్పించి ఇచ్చారు. ఈ ట్రైబ్యునల్ వ్యాపారుల మీద 1,00,000 డాలర్ల వరకు ఫిర్యాదులు వింటుంది. మొదట బాగుచేయడానికి మొరాయించినందుకు యార్డుకు ఒక మార్కు తగ్గిస్తాను, వేలం కాగితం అడగకుండా ఇచ్చినందుకు రెండు కలుపుతాను.

పదవీ విరమణ తరువాత ఈ బండిని ఊరికి తీసుకుపోవచ్చా అని మా మామగారు అడిగారు. కుదరదు. భారతదేశ నిబంధనల ప్రకారం దిగుమతి చేసే పాత కారు మూడేళ్లకు మించినది కాకూడదు. ఆ షరతు దాటినా సుంకం బండి విలువను మించిపోతుంది. మళ్లీ ఇక్కడే అమ్ముకోవడం తేలిక. ఔట్‌ల్యాండర్‌తో కలిసే ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్ల వంటివి ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. డెలికాకు మాత్రమే ఉన్న తలుపుల మోటార్లు, ఆ మెట్టు భాగాలు, వెనక అద్దం వంటివి పాత బండ్లు విప్పే వారి దగ్గర వెతకాలి, లేదా జపాన్ నుంచి తెప్పించుకోవాలి. తెప్పించేటప్పుడు బండి పేరూ ఏడాదీ చెబితే సరిపోదు, ఛాసిస్ నంబరు మొత్తం ఇవ్వాలి. ఒకే ఏడాదిలో తయారైన బండ్లకే రెండు రకాల భాగాలు బిగించి ఉంటారు.